ఆ షాట్ చేసిందెవరు? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో చాలా వరకు గ్రాఫిక్స్ మీదే ఉన్నాయి. వరసగా పెద్ద సినిమాల టీజర్లు వస్తున్నాయి కదా, దానికితోడు గేమ్స్ ఆడే పిల్లలు కూడా బాగానే రాశారు. నేను కొన్నేళ్లు హైదరాబాద్‌లో కంపోజిటింగ్, అంటే విడివిడిగా చేసిన బొమ్మల్ని ఒకే షాట్‌గా కలిపే పని చేసినవాణ్ణి కాబట్టి ఈసారి కాలమ్ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా. ఒకే రకం ప్రశ్నలు వస్తే కలిపేశాను, నా ఉత్తరం వెయ్యలేదని ఎవరూ ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మాయాబజార్‌లో కంప్యూటర్ లేకుండానే అంత అద్భుతంగా తీశారు. ఇప్పుడు వందల కోట్లు పోసినా కొన్ని సీన్లు బొమ్మల్లా తేలిపోతున్నాయి. మనవాళ్లకి చేతకాకనా? (రిటైర్డ్ టీచర్, తెనాలి)

మాస్టారూ, చేతకాక మాత్రం కాదండీ. 1957లో వాళ్లు చేసిన పని ఒకసారి చూడండి. ద్వారక ఊరంతా కనిపించే సీన్ కోసం గోఖలే, కళాధర్ గార్ల ఆర్ట్ డిపార్ట్‌మెంట్ చిన్న చిన్న ఇళ్లు కట్టి, వాటిలో దీపాలు పెట్టి, మినియేచర్ నగరాన్నే నిలబెట్టింది. లాహిరి లాహిరి పాటలో మనం చూసే వెన్నెల చాలావరకు స్టూడియోలో కెమెరామన్ మార్కస్ బార్ట్‌లే లైట్లతో పుట్టించిందే. దర్శకుడు కేవీ రెడ్డి గారు సీన్ ఎన్ని అడుగుల ఫిల్మ్ వస్తుందో ముందే లెక్క వేసుకుని సెట్‌కి వెళ్లే మనిషి. అంటే ట్రిక్ షాట్ ఏది, ఎంతసేపు ఉంటుంది, కెమెరా ఎక్కడుంటుంది అన్నీ తీయకముందే తేలిపోయేవి. సెట్ మీద తప్పితే మళ్లీ తీయడమే, తర్వాత చూసుకుందాం అనే మాటే లేదు.

ఇప్పుడు ఆ మాటే మన కొంప ముంచుతోంది. సెట్‌లో టైమ్ లేదు పోస్ట్‌లో (అంటే షూటింగ్ అయ్యాక గ్రాఫిక్స్ దగ్గర) చూసుకుందాం, లైటింగ్ కుదరలేదు పోస్ట్‌లో చూసుకుందాం, హీరో డేట్లు లేవు డూప్‌తో లాగించి మొహం పోస్ట్‌లో పెడదాం... ఇలా అన్నీ చివరికి గ్రాఫిక్స్ స్టూడియో గుమ్మంలోకి వచ్చి పడతాయి, రిలీజ్ డేట్ మాత్రం అప్పటికే ప్రకటించేసి ఉంటారు.

ఒక్క షాట్ సంగతి చెప్తాను. హీరో మేడ మీద నుంచి దూకుతాడు, నాలుగు సెకన్లు, అంటే సెకనుకి 24 చొప్పున 96 ఫ్రేములు. నడుముకి తాళ్లు కట్టి దింపుతారు. ముందు ఆ కెమెరా ఎలా కదిలిందో కంప్యూటర్‌లో కనిపెట్టాలి, దాన్ని మ్యాచ్‌మూవ్ అంటాం. తర్వాత రోటో, అంటే హీరో ఆకారాన్ని ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ అంచు గీసి వేరు చెయ్యడం, జుట్టు ఎగురుతుంటే ఆ అంచు దగ్గరే రోజులు పోతాయి. ఆ తర్వాత తాళ్లు చెరపాలి, తాడు పోయిన చోట గోడ కనపడాలి కాబట్టి మనిషి లేకుండా అదే కెమెరాతో ఖాళీగా ఒకసారి తీసి పెట్టి ఉంటే, దాన్ని క్లీన్ ప్లేట్ అంటారు, పని హాయిగా అయిపోతుంది. తీయకపోతే గోడని చేత్తో పెయింట్ చేసుకోవాల్సిందే. వెనకాల నగరం వేరేవాళ్లు త్రీడీలో కట్టి లైటింగ్ చేసి పంపిస్తారు, చివర్లో కంపోజిటర్ ఇవన్నీ కలిపి నీడ, పొగమంచు, లెన్స్ మసక, గ్రెయిన్ (ఫిల్మ్ మీద కనిపించే సన్న రేణువులు) అన్నీ ఒకటి చేస్తాడు. నాలుగు సెకన్లకి ఇంత ఉంది.

మీకు బొమ్మలా అనిపించిన షాట్‌లో సాధారణంగా పోయేది వెలుగే. సెట్‌లో సూర్యుడు ఎడమ నుంచి ఉంటే సీజీ (కంప్యూటర్ గ్రాఫిక్స్) నగరానికి కుడి నుంచి పడుతుంది, ఎందుకంటే ఆ రోజు సెట్‌లో లైట్ కొలతలు ఎవరూ రాసిపెట్టలేదు. వెండిలా మెరిసే గుండు ఒకటి, బూడిద రంగు గుండు ఒకటి కెమెరా ముందు పట్టుకుని తీస్తే చాలు, వెలుగు ఎటు నుంచి ఎంత వస్తోందో స్టూడియోకి అర్థమైపోతుంది. ఒక్క నిమిషం పని. ఆ నిమిషం ఇవ్వని సెట్లు నేను చాలా చూశాను, నాకిప్పటికీ అర్థం కాదు అంత ఖర్చు పెడుతూ ఆ నిమిషం దగ్గర ఎందుకు పీనాసితనమో.

ఇంకో విషయం, తక్కువ వాడినవాళ్లు బాగా వాడారు. 1993 నాటి జురాసిక్ పార్క్ రెండు గంటల సినిమా, డైనోసార్లు తెర మీద కనిపించేది మొత్తం కలిపి పావుగంట, అందులో కంప్యూటర్‌లో చేసింది ఆరు నిమిషాలు ఉంటుందేమో, మిగతాది స్టాన్ విన్‌స్టన్ బృందం కట్టిన యంత్రాల బొమ్మలు. పెద్ద డైనోసార్ టీ రెక్స్ మొదటిసారి వచ్చేది రాత్రిపూట, వానలో. చీకటి, తడి రెండూ తప్పుల్ని దాచేస్తాయి. మనం మాత్రం మిట్టమధ్యాహ్నం ఎండలో పదివేల మంది సైన్యాన్ని, పైన ఎగిరే కెమెరాతో అడుగుతాం, అదీ రెండు నెలల్లో.

ప్రశ్న: హాలీవుడ్ వాళ్లు ఈమధ్య మా సినిమాలో సీజీ లేదు అంతా నిజమే అని గొప్పగా చెప్పుకుంటున్నారు. నిజమేనా అన్నా? (ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్)

సగం నిజం తమ్ముడూ. టాప్ గన్ మావెరిక్‌లో నటులు నిజంగానే జెట్ విమానాల్లో కూర్చున్నారు, ఆ మొహాలు అలా నొక్కుకుపోవడం నటన కాదు. కానీ అదే సినిమాలో దాదాపు 2,400 వీఎఫ్ఎక్స్ (విజువల్ ఎఫెక్ట్స్) షాట్లు ఉన్నాయి. కొన్ని చోట్ల వేరే జెట్‌ని ఎగరేసి తీసి, దాని మీద కథలో ఉండాల్సిన విమానాన్ని కంప్యూటర్‌లో తొడిగారు. అసలు విమానం ఒకటి ఎగిరింది కాబట్టే లైటు, కదలిక, కెమెరా వణుకు అన్నీ సహజంగా వచ్చాయి, ఆ పద్ధతి నాకు చాలా ఇష్టం. ఓపెన్‌హైమర్‌లో నిప్పు, రవ్వలు నిజంగా షూట్ చేసినవే, కానీ వాటిని పొరలు పొరలుగా కలిపి తెర మీదకి తెచ్చింది డీనెగ్ స్టూడియో ఆర్టిస్టులు, వాళ్లలో చాలామంది పేర్లు ఎండ్ టైటిల్స్‌లో లేవని 2023లో పెద్ద చర్చే నడిచింది.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. సీజీ లేదు అని పబ్లిసిటీ చేసిన ప్రతిసారీ రెండేళ్లు రాత్రీ పగలూ కూర్చున్న మనుషుల్ని లేరని చెప్పినట్టే కదా. కనపడకుండా చెయ్యడమే వాళ్ల పని, బాగా చేశారు కాబట్టే కనపడలేదు, దాన్నే సాకుగా చూపించి పేరు తీసేస్తే ఎలా.

ప్రశ్న: ఆస్కార్ గెలిచిన స్టూడియో కూడా దివాళా తీసిందని విన్నాను, ఇంత డబ్బున్న సినిమాలకి పనిచేసి ఎలా మునిగిపోతారు? (చార్టర్డ్ అకౌంటెంట్, విజయవాడ)

మీరు విన్నది రిథమ్ అండ్ హ్యూస్ గురించి. 1987లో లాస్ ఏంజిలెస్‌లో పెట్టారు, హైదరాబాద్‌లో కూడా వాళ్లకి స్టూడియో ఉండేది. లైఫ్ ఆఫ్ పైలో పడవలో ఉన్న పులి చాలా షాట్లలో పులి కాదు, వీళ్లు కంప్యూటర్‌లో చేసిన బొమ్మ, దాని మీద పని చేసినవాళ్లలో మన హైదరాబాద్ ఆర్టిస్టులు కూడా ఉన్నారు. తడిసిన బొచ్చు ఎలా అతుక్కుంటుంది, చర్మం కింద కండ ఎలా జారుతుంది, ఆకలేసిన జంతువు మెడ ఎలా వాలిపోతుంది, ఇవన్నీ నిజం పులిని గంటలు గంటలు చూసి చేసిన పని.

2013 ఫిబ్రవరిలో ఆ కంపెనీ దివాళా పిటిషన్ వేసింది. రెండు వారాలు తిరక్కుండానే ఫిబ్రవరి 24న వాళ్ల పనికి ఆస్కార్ వచ్చింది. థియేటర్ బయట వందలమంది ఆర్టిస్టులు ప్లకార్డులు పట్టుకుని నిలబడి ఉన్నారు. లోపల స్టేజీ మీద సూపర్‌వైజర్ బిల్ వెస్టెన్‌హోఫర్ కంపెనీ కష్టాల మాట ఎత్తేసరికి జాస్ సినిమాలో సొరచేప వచ్చేటప్పటి మ్యూజిక్ వేసి మైక్ కట్ చేశారు. ఆ వారం ప్రపంచం మొత్తం మీద ఆర్టిస్టులు ప్రొఫైల్ ఫొటో తీసేసి షూటింగ్‌లో వెనక కట్టే గుడ్డలా ఉత్త పచ్చ రంగు పెట్టుకున్నారు, మా పని తీసేస్తే తెర మీద మిగిలేది ఇదే అని చెప్పడానికి.

లెక్కల మనిషి కాబట్టి మీకు ఇట్టే అర్థమవుతుంది. స్టూడియో షాట్ల లిస్టు చూసి ఇంతకి చేస్తాం అని ఒక ఫిక్స్‌డ్ రేటుకి ఒప్పుకుంటుంది. తర్వాత డైరెక్టర్ మనసు మార్చుకుంటే, డ్రాగన్‌కి రెక్కలు పెద్దవి చెయ్యండి, కాదు మళ్లీ చిన్నవి చెయ్యండి అంటే, ఆ అదనపు వారాల జీతం చాలాసార్లు స్టూడియో జేబులోంచే పోతుంది. అదనం అడిగితే తర్వాతి సినిమా ఇవ్వరేమోనని భయం, ఎందుకంటే పని ఇచ్చే పెద్ద కంపెనీలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉంటాయి, చేసే స్టూడియోలు వందలు. పైగా వాంకూవర్, మాంట్రియల్, లండన్ లాంటి చోట్ల ప్రభుత్వాలు పన్ను రాయితీలు ఇస్తాయి, నిర్మాత అక్కడే చేయించమంటాడు, స్టూడియో అక్కడ ఆఫీసు తెరవాలి, మనుషులు సామాన్లు సర్దుకుని దేశాలు మారాలి. సినిమా ఆలస్యమైతే రెండు నెలలు పని ఉండదు, జీతాలు మాత్రం ఆగవు. లాభం నూటికి నాలుగైదు రూపాయలు మిగిలితే గొప్ప అనుకునే చోట ఒక్క సినిమా వాయిదా పడినా చాలు.

ఇది ఒక్కళ్ల కథ కూడా కాదు. సోనిక్ సినిమా 2019లో ట్రైలర్ వచ్చినప్పుడు ఆ నీలం బొమ్మ పళ్లు చూసి ప్రపంచం అంతా ఆడుకుంది, నిర్మాతలు విడుదల ఆపి బొమ్మని మళ్లీ డిజైన్ చేయించారు, అందరూ మెచ్చుకున్నారు. అందులో పనిచేసిన గ్రాఫిక్స్ కంపెనీ ఎంపీసీ వాళ్ల వాంకూవర్ స్టూడియో అదే ఏడాది డిసెంబర్‌లో, సినిమా విడుదల కాకముందే మూతపడింది. ఆ ఎంపీసీకి యజమాని అయిన టెక్నికలర్ గ్రూపే 2025 ఫిబ్రవరిలో కుప్పకూలింది, బెంగళూరులో వేలమంది ఒక్కసారిగా రోడ్డున పడ్డారు, అందులో మన తెలుగు పిల్లలు ఎంతమందో. టీజర్ చూసి ట్రోల్ చేసే హక్కు ప్రేక్షకుడికి ఉంది, టికెట్ కొనేది మనమే. కాకపోతే ఆ తిట్లు చేరాల్సింది షెడ్యూల్ వేసినవాళ్లకి. మౌస్ పట్టుకున్నవాడికి ఆ డేట్ మీద ఏ అధికారమూ లేదు.

ప్రశ్న: సినిమాలో నిప్పు బాగుంటుంది, గేమ్‌లో అదే నిప్పు వస్తే ఫోన్ వేడెక్కిపోయి ఆగి ఆగి ఆడుతుంది. ఎందుకు? (ఇంటర్ విద్యార్థి, కర్నూలు)

సినిమాలో ఒక్క ఫ్రేమ్ కోసం కంప్యూటర్ ఎన్ని గంటలైనా తీసుకోవచ్చు, ఇంటర్‌స్టెల్లార్‌లో బ్లాక్ హోల్ ఫ్రేములు కొన్నిటికి 100 గంటల దాకా పట్టింది. నీ గేమ్ సెకనుకి 60 ఫ్రేములు చూపించాలంటే ఒక్కోదానికి ఉన్న టైమ్ దాదాపు 16 మిల్లీ సెకన్లు, అందులోనే శత్రువు, చెట్లు, శబ్దం, నెట్‌వర్క్ అన్నీ. అందుకని చాలా గేముల్లో పొగని నిజంగా లెక్కగట్టరు, ముందే తయారు చేసిన పొగ బొమ్మల్ని ఒకే షీట్ మీద వరసకి ఎనిమిది చొప్పున ఎనిమిది వరసలు పేర్చి, ఆ 64 బొమ్మల్ని గబగబా తిప్పుతారు. పారదర్శకంగా ఉన్న పొరలు ఒకదాని మీద ఒకటి పడితే అదే పిక్సెల్‌ని ఫోన్ పదిసార్లు గీయాలి, వేడి అందుకే. సెట్టింగ్స్‌లో ఎఫెక్ట్స్ క్వాలిటీ తగ్గిస్తే ఆ పొరలే తగ్గుతాయి.

అసలు తేడా ఇంకొకటుంది, నాకు గేమ్ వాళ్లంటే గౌరవం పెరిగింది దీనివల్లే. సినిమాలో ఎఫెక్ట్ అందంగా ఉంటే చాలు, గేమ్‌లో అది ఆటగాడికి సమాచారం ఇవ్వాలి. మంట ఎంత దూరం కాలుస్తుందో అంతవరకే కనపడాలి, ఒక అడుగు ఎక్కువ కనిపించినా తగలకుండానే తప్పుకుంటాడు, తక్కువ కనిపించినా అన్యాయంగా చస్తాడు. 2023లో వచ్చిన కౌంటర్ స్ట్రైక్ 2లో పొగబాంబు వేస్తే ఆ పొగ అందరు ఆటగాళ్లకీ ఒకేలా ఉంటుంది, బుల్లెట్ వెళ్తే కాసేపు సందు పడి మళ్లీ మూసుకుంటుంది. ఆ సందులోంచి చూసి కాల్చడం ఇప్పుడు ఆటలో ఒక ఎత్తుగడ అయిపోయింది.

ప్రశ్న: వెనకాల పచ్చ గుడ్డే ఎందుకు, ఒక్కోసారి నీలం ఎందుకు? (గృహిణి, నెల్లూరు)

మనిషి చర్మంలో ఆ రెండు రంగులూ బాగా తక్కువ కాబట్టి విడదియ్యడం తేలికమ్మా. ఫిల్మ్ రోజుల్లో నీలం ఎక్కువ వాడేవాళ్లు, డిజిటల్ కెమెరా సెన్సర్‌లో ఆకుపచ్చని పట్టే గళ్లు మిగతా రంగులకి రెట్టింపు ఉంటాయి, బొమ్మ శుభ్రంగా వస్తుంది, అందుకని పచ్చకి మారారు. హీరోయిన్ ఆకుపచ్చ చీర కట్టినా, అరటితోటలో సీనైనా, రాత్రి సీనైనా నీలం కడతారు. పచ్చ గుడ్డ మరీ దగ్గరగా ఉంటే ఆ రంగు బుగ్గల మీద, వెంట్రుకల అంచుల మీద పడుతుంది, దాన్ని కడగడానికి మళ్లీ బోలెడంత పని.

ప్రశ్న: ఈగలో ఈగకి మొహం కూడా సరిగ్గా లేదు, మరి కోపం ఎలా తెలిసింది అని మా ఆరో క్లాసు అబ్బాయి అడుగుతున్నాడు. (ఖమ్మం)

మీవాడికి నా తరఫున ఒక చాక్లెట్ కొనిపెట్టండి, ఆ సినిమా మొత్తానికి అసలు కష్టం అదే. ఈగ మొహంలో ఎక్కువ భాగం కళ్లే, కనురెప్పల్లేవు, పెదవుల్లేవు, నవ్వడానికీ ఏడవడానికీ ఏమీ లేదు. అందుకే భావమంతా ఒంట్లో పెట్టారు, తల వంచడం, చేతులు రుద్దుకోవడం, రెక్కలు దించేయడం, ఒక్క క్షణం కదలకుండా ఆగిపోవడం. పిక్సార్ వాళ్ల టేబుల్ ల్యాంప్ బొమ్మకి మొహం లేకపోయినా మనకి జాలేస్తుంది కదా, ఆ పాఠం ఇక్కడ పనికొచ్చింది. చేసింది హైదరాబాద్‌లోని మకుట, 2012 సినిమాలకిచ్చిన జాతీయ అవార్డుల్లో స్పెషల్ ఎఫెక్ట్స్ అవార్డు వాళ్లకే వచ్చింది. ఇంట్లో ఒక పెన్సిల్ తీసుకుని దానికి మొహం గియ్యకుండా కోపంగా, భయంగా నడిపించమనండి, ఫోన్‌లో స్టాప్ మోషన్ యాప్ చాలు.

ప్రశ్న: టోక్యోలో టీమ్‌ల్యాబ్ అనే డిజిటల్ ఆర్ట్ ప్రదర్శన చూశాను, నీళ్లలో నడుస్తుంటే చేపలు కాళ్లకి తగిలి పువ్వులైపోతాయి. ఇది కళా, టెక్నాలజీ ప్రదర్శనా? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, జపాన్)

నేనైతే కళే అంటాను. అక్కడ తిరిగేది రికార్డు చేసి పెట్టిన వీడియో కాదు, మీ అడుగుని బట్టి ప్రోగ్రామ్ అప్పటికప్పుడు గీస్తుంది, మీరు చూసింది మళ్లీ అలాగే రాదు. గేమ్ వాళ్లు పదహారు మిల్లీ సెకన్లలో నేర్చుకున్న విద్య గెలవడానికీ ఓడటానికీ సంబంధం లేని చోట ఇలా వాడటం నాకు భలే నచ్చింది. మన కోటల్లో లైట్ షోలు ఇంకా గోడ మీద రంగులు మార్చి వాయిస్ ఓవర్ చెప్పే దగ్గరే ఎక్కువగా ఉన్నాయి, అక్కడ ఇలాంటి పని చేయగల పిల్లలు మన దగ్గర ఉన్నారు, అడిగేవాళ్లే కావాలి.

ప్రశ్న: మావాడు డిగ్రీ మానేసి వీఎఫ్ఎక్స్ కోర్సులో చేరతానంటున్నాడు, లక్షల్లో ఫీజు. పైగా ఏఐ వచ్చేసి ఈ ఉద్యోగాలే ఉండవంటున్నారు. ఏం చెయ్యమంటారు? (బట్టల వ్యాపారి, రాజమండ్రి)

డిగ్రీ మానొద్దని చెప్పండి సార్, ఫీజు కూడా ఇప్పుడే కట్టకండి. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం, స్టూడియోల్లో వాడే హుడినీ, న్యూక్ సాఫ్ట్‌వేర్లు రెండిటికీ నేర్చుకునేవాళ్ల కోసం ఉచిత వెర్షన్లు ఉన్నాయి, అన్‌రియల్ ఇంజన్ కూడా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఆరు నెలలు ఇంట్లోనే వీటిమీద కూర్చోమనండి. ఫోన్‌తో మీ షాపు ముందు వీధి తీసి, అందులో సీజీ డ్రమ్ము ఒకటి నిలబెట్టి, ఏది నిజమో మీరు పోల్చుకోలేకుండా చేసి చూపించమనండి. చూపించగలిగితే వాడికి ఓపిక ఉన్నట్టు. పద్ధతిగా చదవాలంటే హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో జేఎన్ఏఎఫ్ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) యానిమేషన్‌లో బీఎఫ్ఏ డిగ్రీ ఉంది, అక్కడ బొమ్మ గీయడం కూడా నేర్పుతారు, అది లేనివాడు ఎక్కువ కాలం నిలబడడు. గ్యారంటీ ప్లేస్‌మెంట్ అని బోర్డు పెట్టిన చోట మాత్రం, పోయినేడు పాసైన పిల్లల ఫోన్ నంబర్లు ఇవ్వమని అడగండి, ఇవ్వకపోతే వెనక్కి వచ్చెయ్యండి.

ఏఐ సంగతి దాచకుండా చెప్తాను. మన దేశానికి ఎక్కువగా వచ్చింది రోటో, పెయింట్ పనే, ముందుగా దెబ్బ తగిలేదీ దానికే. కొన్ని ఫ్రేములు గీసి చూపిస్తే మిగతావి అదే నేర్చుకుని గీసే టూల్ 2021లోనే న్యూక్‌లోకి వచ్చేసింది. అంచులు గియ్యడం ఒక్కటే నేర్చుకున్నవాడికి కష్టం. వెలుగు చదవడం, షాట్‌లో ఏం తప్పుందో పట్టుకోవడం, డైరెక్టర్ నోటితో సరిగ్గా చెప్పలేనిది అర్థం చేసుకోవడం వచ్చినవాడికి పని ఉంటుంది. మావాణ్ణి ఇందులోకి పంపాలా అంటే, వాడు సినిమా పిచ్చితో వస్తే వద్దు. ఒకే నాలుగు సెకన్లని మూడు వారాలు చూసినా విసుగు రాకపోతే పంపండి.

ప్రశ్న: నేను రోటో ఆర్టిస్టుని, ఒక పెద్ద సినిమాకి ఎనిమిది నెలలు చేశాను. అమ్మానాన్నల్ని థియేటర్‌కి తీసుకెళ్లి చివరిదాకా కూర్చోబెడితే నా పేరు రాలేదు. అడగడానికి దారి ఉందా? (హైదరాబాద్)

చదివి చాలా బాధపడ్డానమ్మా. నీ తప్పు లేదు, నీలాంటివాళ్లు వేలమంది. జరిగేది ఏంటంటే, ఒక్కో స్టూడియోకి టైటిల్స్‌లో ఇన్ని పేర్లు అని నిర్మాణ సంస్థ కోటా ఇస్తుంది, నాలుగొందల మంది పనిచేస్తే నలభై పేర్లకి చోటు ఉంటుంది, సూపర్‌వైజర్లు, లీడ్లు పోగా రోటో వాళ్ల దాకా వచ్చేసరికి ఖాళీ ఉండదు. మన స్టూడియో వేరే స్టూడియో దగ్గర పని తీసుకున్నదైతే కంపెనీ పేరే రాకపోవచ్చు. చివర్లో పేర్లు పరిగెత్తడానికి ఇంకో నిమిషం పెంచితే ఎవరికీ నష్టం లేదు, జనం ఎలాగూ లేచి వెళ్లిపోతారు, ఉండేది నీలాంటి పిల్లల అమ్మానాన్నలే.

వచ్చే ప్రాజెక్టుకి ఇలా చెయ్యి. చేరే రోజే క్రెడిట్ గురించి హెచ్ఆర్‌ని మెయిల్‌లో అడుగు, నోటి మాటగా వద్దు, కాదన్నా రాతలో ఉంటుంది. నువ్వు చేసిన షాట్ నంబర్లు, తేదీలు నీ డైరీలో రాసుకో, ఫుటేజీ మాత్రం ఒక్క ఫ్రేమ్ కూడా బయటికి తేవొద్దు, ఒప్పందం ఉల్లంఘించినట్టవుతుంది. సినిమా విడుదలయ్యాక షోరీల్‌కి (చేసిన పని చూపించే వీడియోకి) క్లిప్ ఇవ్వమని ప్రొడక్షన్ మేనేజర్‌ని రాతపూర్వకంగా అడుగు, చాలామంది ఇస్తారు. తెర మీద రాని పేరు కూడా అన్‌క్రెడిటెడ్ అని సినిమా వివరాలుండే ఐఎండీబీ వెబ్‌సైట్‌లో చేర్చుకునే వీలుంది, మీ లీడ్‌కి చెప్పి నువ్వు, నీతో కూర్చున్నవాళ్లు అందరూ ఒకేసారి పెట్టండి. అమెరికాలో మార్వెల్ స్టూడియోస్ సొంత వీఎఫ్ఎక్స్ సిబ్బంది 2023 సెప్టెంబర్‌లో ఓటు వేసుకుని యూనియన్‌లో చేరారు, ఒక్క వ్యతిరేక ఓటు పడలేదు. మన దగ్గర అలాంటిది వచ్చేదాకా కనీసం ఒకే ఫ్లోర్‌లో పనిచేసేవాళ్లు కలిసి ఒకే మెయిల్ రాయండి, ఒక్కరు అడిగితే వినరు, నలభైమంది సంతకాలుంటే చదువుతారు.